ముద్దాయి ఎవరు: కేసు పెట్టినవాడా, పెట్టించుకున్నవాడా?

ప్రశ్న: మా ఆఫీసులో లక్నో అతను ‘ముద్దయీ’ అంటే కేసు పెట్టినవాడని వాదిస్తున్నాడు. మనకేమో ముద్దాయి బోనులో నిలబడేవాడు. ఎవరిది రైటు? ఇంతకీ ఇది అరబీ మాటా, ఫారసీ మాటా?

జవాబు: ఉర్దూకి ఆయన చెప్పింది రైటు, తెలుగుకి మీరన్నది రైటు. ధాతువు అరబీది, పిలవడమని అర్థం. దేవుణ్ణి పిలిస్తే దువా, భోజనానికి పిలిస్తే దావత్, ‘ఇది నాది’ అని కోర్టుకెక్కితే దావా. ఆ దావా వేసినవాడు ముద్దయీ. ఎవరి మీద వేశాడో అతను ‘ముద్దఆ అలైహి’. ఉర్దూలో ‘ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్’ అని సామెత ఉంది: దావా వేసినవాడికి లేని హుషారు సాక్షికట! మన అర్థం పెట్టి చదవండి, సామెతలో పస పోతుంది. నేరం మోపబడ్డవాడు నీరసంగా ఉండక గంతులేస్తాడా?

మన దగ్గర ఎందుకు తిరగబడిందంటే, నా ఊహ ఇది. ‘ముద్దఆ అలైహి’ అనడానికి నోరు తిరగక తోక తెగి ఉంటుంది. పైగా అవతలి పక్క ఖాళీ లేదు, ఫిర్యాది ఉన్నాడు. (ఫిర్యాదు మాత్రం అచ్చంగా ఫారసీ. మొర అని అర్థం.)

ఇక రెండో ప్రశ్న. పుట్టిల్లు అరబీ, వచ్చిన దారి ఫారసీ. కోర్టు, కచేరీ మాటలు చాలావాటిది ఇదే కథ. అరబీలో ‘దాద్’ అనే బరువైన అక్షరం ఉంది. వాళ్లు తమ భాషనే ‘దాద్ భాష’ అని చెప్పుకుంటారు. ఫారసీ నోట అది పలకదు, జ్‌ లాంటి ధ్వని అయిపోతుంది. అందుకే అక్కడి ‘హాదిర్’ మనకు హాజరు, ‘రాదీ’ రాజీ, ‘దామిన్’ జామీను, ‘ఖాదీ’ కాజీ. అర్జీ, మర్జీ కూడా ఆ బాపతే. జిల్లా మరీ విచిత్రం, మూలంలో పక్కటెముక! ఈ మాటలు నేరుగా అరబ్బుల నోటి నుంచే వచ్చుంటే బడిలో పిల్లలకి ‘హాదరు’ వేసేవాళ్లమేమో. దావత్‌లో చివరి ‘త్’ కూడా ఫారసీ ముద్రే. అరబ్బు ఆ మాట దగ్గర ఆగితే ‘దఅవా’ అంటాడు, త వినపడదు. అదాలత్, దౌలత్ కూడా అంతే.

ఇంకొకరు: శుభ్రంగా నిందితుడు అనొచ్చుగా, ఈ ముద్దాయి దేనికి?

జవాబు: పేపర్లో అనండి. ఇంట్లో మాత్రం ‘అన్నిటికీ నేనే ముద్దాయినా?’ అనే అంటాం, అక్కడ నిందితుడు అతకడు. ఒక్క జాగ్రత్త: సివిల్ దావాలో ఉన్నాయన ప్రతివాది. గట్టు తగాదాలో పక్క పొలం ఆయన్ని ముద్దాయి అన్నారో, రాజీకి రమ్మన్నా రాడు.