బస్సులో తెలియనివాళ్లు మెంటల్ జోకులేస్తే అడగాలా, ఊరుకోవాలా?

కావలి అమ్మాయి
నెల్లూరు నుంచి కావలి బస్సు. మా వెనక సీట్లలో నలుగురు మగవాళ్లు, అందరూ ముప్పై దాటినవాళ్లే. ఒకడు పక్కనున్న ఫ్రెండుని పట్టుకుని "వీడిని ఏఎస్ పేట తీసుకుపోయి గొలుసేయిస్తేగానీ దారికి రాడురా, లేకుంటే కరుస్తాడు" అన్నాడు. ఏఎస్ పేట అంటే మా జిల్లాలో దర్గా ఉన్న ఊరు, మనసు బాగాలేనివాళ్లని అక్కడికి తీసుకెళ్తుంటారు. ఇంకొకడు నాలుక బయటపెట్టి, తల ఊపుతూ యాక్షన్ చేశాడు. సగం బస్సు నవ్వింది. పెన్నా బ్రిడ్జి దాటేదాకా ఓర్చుకున్నా. కోవూరు వచ్చేసరికి ఇక నా వల్ల కాలేదు. వెనక్కి తిరిగి అడిగేశాను. వాళ్లు సారీ చెప్పారు, గొడవేమీ కాలేదు. ఇంటికొచ్చాక మాత్రం అమ్మానాన్నలు నన్నే తిడుతున్నారు, ముక్కూమొహం తెలియనివాళ్లతో నీకెందుకని. మీరైతే ఏం చేస్తారు?

మైపాడు గాలి
బాగా చేశావు చెల్లీ. సారీ చెప్పారంటే వాళ్లలో ఇంకా మనిషితనం ఉంది.

కొండపి పొగాకు
అమ్మా, వాళ్లు నిన్నేమీ అనలేదు. వాళ్లలో వాళ్లు ఏదో అనుకున్నారు. స్నేహితులన్నాక సవాలక్ష అనుకుంటారు. బస్సెక్కిన ప్రతివాడికీ బుద్ధి చెప్పుకుంటూ పోతే మనం ఏ ఊరూ చేరం. నా మాట విని ఊరుకో.

కావలి అమ్మాయి
వాళ్లలో వాళ్లు అనుకునేది బస్సంతా వినపడాలా అన్నా? అయినా గొలుసు నవ్వే విషయమా? 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక షెడ్డుకి నిప్పంటుకుంది. లోపల గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు. బయటికి పరిగెత్తే దారి లేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గొలుసులు వేయకూడదని రాశారు. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా ఆ గొలుసు మనకి బస్సులో కాలక్షేపం.

గంధం రాత్రి
జోకు సంగతి సరే, దర్గాని ఎందుకు లాగుతారు? మేం హిందువులమే, అయినా ఏటా ఏఎస్ పేట గంధానికి పోతాం. మా పెదనాన్నని డాక్టరుకి చూపించే స్తోమత లేని రోజుల్లో ఆ ఆవరణలోనే పడుకున్నాం, ఎవరెవరో అన్నం పెట్టారు. ఎవరూ గొలుసు వేయలేదు.

కావలి అమ్మాయి
దర్గాని నేనేమన్నానండీ? వాళ్లన్నది రాశానంతే.

కోర్టు వీధి
ఎవరూ అసలు పాయింటుకి రావడం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 92. నలుగురిలో దివ్యాంగుడిని కావాలని అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. మానసిక అనారోగ్యం కూడా ఆ చట్టం జాబితాలో ఉంది. అయితే ఇక్కడ వాళ్లు అన్నది వాళ్ల ఫ్రెండుని. అతనికి జబ్బు లేదు. కాబట్టి కేసు నిలవదు.

మైపాడు గాలి
కేసు పెడతానని ఎవరన్నారు సామీ?

కోర్టు వీధి
పెట్టరు సరే, అడిగే హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి కదా. 2024 జూలై 8న సుప్రీంకోర్టు కూడా తేడా చెప్పింది. వైకల్యం గురించి నలుగురికీ అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు, ఆ మనుషుల్ని కించపరిచే హాస్యం వేరు అని. అది సినిమాల మీద వచ్చిన కేసు. బస్సులో నోటిమాటకి ఎంతవరకు పట్టుద్దో చూడాలి. ఇంకో సంగతి, ఎవరైనా బాధపడ్డారనుకుంటే ఆ మనిషికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్కారు కాగితం, ఉందా?

పల్లెవెలుగు
సదరంలో 40 శాతం చూసేది పింఛనుకీ, రిజర్వేషన్‌కీ. అవమానం సెక్షన్‌కి శాతంతో పని లేదు.

కోర్టు వీధి
శాతం లేకపోయినా దివ్యాంగుడని తేలాలిగా. ఏ కాగితంతో తేలుస్తారు?

ఉదయగిరి కోట
గొలగమూడి వెంకయ్యస్వామిని కూడా ఆ రోజుల్లో జనం పిచ్చోడనే అన్నారు. ఇప్పుడు శనివారం అక్కడికి పోయి చూడండి.

కొండపి పొగాకు
స్వామి అయ్యాడు గాబట్టి దండం పెడుతున్నారు. స్వాములు కానివాళ్లు ఏం కావాలి?
కావలి అమ్మాయీ, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. వాళ్లు సారీ చెప్పారు, గొడవ కాలేదు అన్నావు. మరి ఇంట్లో అంతగా ఎందుకు తిడుతున్నారు? ఏదో దాస్తున్నావు.

కావలి అమ్మాయి
దాచేదేం లేదు. మా తమ్ముడు నా పక్కనే కూర్చున్నాడు. వాడు స్కిజోఫ్రీనియాకి మందులు వాడుతున్నాడు. చెన్నైలో చూపిస్తున్నాం. ఆ మందులకి మనిషి ఒళ్లు చేశాడు, చేతులు వణుకుతాయి. ఆ నలుగురూ నవ్వుతుంటే వాడు ఒళ్లో ఉన్న ఆస్పత్రి ఫైలుని, ప్లాస్టిక్ కవరుతో సహా, మెల్లగా కిందికి జార్చి చెప్పుతో సీటు కిందికి తోశాడు. అది చూశాకే నాకు తిక్కరేగింది. "మా తమ్ముడికి ఇదే జబ్బు, వాడు మిమ్మల్ని ఎప్పుడు కరిచాడు?" అన్నాను. చాలా?

కొండపి పొగాకు
చాలు. బస్సులో ఉన్న యాభై మంది వాడివైపు తిరిగి చూసి ఉంటారు. వాడు ఫైలు ఎందుకు దాచుకున్నాడో నీకు తెలుసు. తెలిసీ నువ్వు దాన్ని సీటు కింద నుంచి తీసి అందరికీ చూపించావు.

కావలి అమ్మాయి
నేను ఫైలు తీయలేదు! మాట్లాడేముందు చదవండి.

కొండపి పొగాకు
చదివాను. ఫైలు తీస్తే ఏంది, తీయకపోతే ఏంది? వాళ్లకి వాడు ఎవడో తెలియదు. తెలిసేలా చేసింది నువ్వు. కోపం నీది, పరువు వాడిది.

మైపాడు గాలి
అన్నా, మరీ కటువుగా మాట్లాడుతున్నావు. జోకేసినవాళ్లని వదిలేసి ఆడపిల్లని అంటావేంది?

కొండపి పొగాకు
కటువుగానే ఉంటాది. మా చెల్లెలికి మొదటి కాన్పు తర్వాత మనసు చెదిరింది. బిడ్డని ఎవరో మార్చేశారనేది, రాత్రంతా నిద్రపోయేది కాదు. మందులు పడ్డాయి, నెలల్లో కోలుకుంది, ఇప్పుడు పొలం లెక్కలన్నీ అదే చూస్తుంది. ఒంగోలులో ఒక పెళ్లికి పోయాం. భోజనాల దగ్గర ఎవరో ముసలాయన కాన్పుకి పిచ్చెక్కినవాళ్ల మీద ఏదో కూశాడు. మా మేనత్త, నీలాగే మంచి మనిషి, లేచి "మా ఇంట్లోనే ఆ బాధ చూశాం, నవ్వొద్దు" అని అందరి ముందూ అడిగేసింది. ఆ ముసలాయన నోరు మూసుకున్నాడు. అదే బంతిలో మా చిన్న చెల్లెలికి కుదిరిన సంబంధం తాలూకు వాళ్లు కూర్చున్నారు. వారం తిరక్కుండా ఫోను చేసి, జాతకాలు కలవలేదన్నారు. అంతకుముందు కలిసిన జాతకాలే. ఇప్పుడు చెప్పు, ఊరుకోమంటే నీకు పిరికితనంలా కనపడుతుందా?

పల్లెవెలుగు
అన్నా, సారీ. తెలియక ఏదేదో రాసేశాం.

కావలి అమ్మాయి
అన్నా, మీ చెల్లెలి విషయం చదివి బాధేసింది. అయినా ఒప్పుకోను. ఆ సంబంధం పోగొట్టింది మీ మేనత్త కాదు, ఆ మగపెళ్లివాళ్లు. అందరం దాచుకుంటూ కూర్చోబట్టే కదా, బస్సులో ఇలాంటి మనిషి ఒక్కడూ ఉండడనే ధైర్యంతో వాళ్లు వాగుతున్నారు? షుగరు ఉందని దాస్తామా? బీపీ ఉందని దాస్తామా?

కొండపి పొగాకు
షుగరు ఉంటే సంబంధం పోదు. దాచొద్దని చెప్పే హక్కు మీ తమ్ముడికుంది. నీకు లేదు. నా గొడవ మొదటి నుంచీ అదే.

కావలి అమ్మాయి
మొదటి నుంచీ మీరు చెప్పింది నోరు మూసుకోమని. పైకెళ్లి చదువుకోండి.

తోటపల్లి
ఎవరికైనా అవసరమైతే 14416, టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మైపాడు గాలి
మంచి నంబరే. కానీ అది బాధలో ఉన్నవాళ్లకి. వెనక సీటోళ్ల మీద కంప్లయింట్ తీసుకోరు.

పేరెందుకులే
ఇంతదాకా చదువుతూ కూర్చున్నాను. మీరు మాట్లాడేది నాలాంటివాళ్ల గురించే. నేను మందుల మీదే ఉద్యోగం చేస్తున్నా. ఆఫీసులో ఒక్కడికి తప్ప ఎవరికీ తెలియదు. పినాకిని రైల్లో రోజూ పోయేవాళ్ల బ్యాచ్ ఒకటి ఉంది మాకు, పేకాట, టిఫిన్లు, ఈ జోకులు. అవి మొదలైనప్పుడు నేను ఫోను చూసుకుంటా. ఒకసారి ఒక రిటైర్డ్ మేష్టారు "అది వదిలేయండయ్యా, ఇంకేదన్నా చెప్పండి" అన్నాడు. అంతే. కారణం చెప్పలేదు, ఎవరివైపూ చూడలేదు. ఆ రోజు నేను హాయిగా టీ తాగాను. ఊరుకోమనే అన్నకి నేను చెప్పేది, ఎవరూ ఏమీ అనకపోతే ఆ నవ్వులో అందరూ ఉన్నట్టే నాకు తోస్తుంది. కావలి అమ్మాయికి చెప్పేది, మా అక్క గనక నన్ను వేలెత్తి చూపిస్తే ఆ బండి మళ్లీ ఎక్కలేను.

కోర్టు వీధి
మేష్టారు చేసింది చట్టప్రకారం కూడా సేఫ్.

కొండపి పొగాకు
ఆ మేష్టారిలా అడిగితే నాకేం అభ్యంతరం లేదు. అమ్మాయీ, మీ తమ్ముడు ఏమన్నాడు? మేమింతమంది కొట్టుకుంటున్నాం గానీ, వాడిని అడిగావా?

కావలి అమ్మాయి
పొద్దున అడిగాను. బస్సు దిగినప్పటి నుంచి ముభావంగా ఉంటే ఆ జోకుల వల్లే అనుకున్నా. కాదంట. "వాళ్లని అడిగినందుకు నాకు కోపం లేదు. సారీ చెప్పాక ఆ నాలుక బయటపెట్టినోడు వచ్చి నా భుజం తట్టి, అరటిపండు చేతిలో పెట్టి, తిను నాన్నా అన్నాడు చూడు, దానికి. నాకు ఇరవయ్యారేళ్లు అక్కా" అన్నాడు. అరటిపండు సంగతి నేను చూడను కూడా లేదు.
ఈసారి అలా జరిగితే అడగమంటావా వద్దా అన్నాను. "అడుగు. నా సంగతి ఎత్తకుండా అడుగు" అన్నాడు. మా అమ్మేమో ఇక వాడిని చెన్నైకి కారులోనే తీసుకెళ్తాం అంటోంది. దానికి వాడు అసలు ఒప్పుకోవడం లేదు, బస్సులోనే వస్తానంటున్నాడు.

కొండపి పొగాకు
వాడిని బస్సులోనే తీసుకుపో. అమ్మకి నేను చెప్పానని చెప్పు.

కావలి అమ్మాయి
మీరెవరని చెప్పాలన్నా? ఇందాకటిదాకా నన్ను తిట్టినాయన అనా?

కోర్టు వీధి
ఇంతకీ తమ్ముడికి సదరం తీయించారా లేదా? సెక్షన్ కోసం కాదు, బస్సులో రాయితీ వస్తదేమో కనుక్కోండి.