గ్రూవ్ అంటే గాడా, నడకా, తూగా?

నిన్న ఇక్కడ ఒకరు గ్రూవ్‌కి, అంటే వినేవాళ్లని ఊపే పాట లయకి, తెలుగు మాట అడిగారు. పది రోజులుగా నాదీ అదే కుస్తీ. జాజ్‌లో వైబ్రాఫోన్ వాయించిన మిల్ట్ జాక్సన్ మీద వ్యాసం రాస్తూ, ఆయన కట్టిన 'బ్యాగ్స్ గ్రూవ్' అనే పాట దగ్గర ఆగిపోయాను. బ్యాగ్స్ ఆయన ముద్దుపేరు, కళ్ల కింది ఉబ్బు చూసి పెట్టింది. దాని జోలికి పోనక్కర్లేదు. చిక్కంతా రెండో మాటతోనే.

గ్రూవ్‌కి మొదటి అర్థం గాడి. గ్రామఫోన్ ముల్లు తిరిగేది అందులోనే. కానీ మనం 'పని గాడిలో పడింది' అంటే, అంతకుముందు ఏదో చెడి ఇప్పుడు కుదుటపడిందని. పాటలోని హాయి ఆ మాటలో లేదు.

పోనీ, నడక? 1954 డిసెంబర్ 24న న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో మైల్స్ డేవిస్ బృందం 'బ్యాగ్స్ గ్రూవ్'ని రికార్డు చేసింది. పన్నెండు బార్ల బ్లూస్, అంటే పన్నెండు తాళావర్తాలకో చుట్టు తిరిగే పాట. తన ట్రంపెట్ వెనక పియానో వద్దని మైల్స్ పియానో వాయించే థెలోనియస్ మంక్‌తో చెప్పాడు. ఆ ఖాళీలో పర్సీ హీత్ వాయించే బేస్, అంటే మంద్రస్వరాల పెద్ద తీగవాద్యం, ఒక్కో దెబ్బకి ఒక్కో అడుగు వేస్తూ పోవడం విడిగా వినిపిస్తుంది. ఇంగ్లీషు వాళ్లూ దాన్ని నడిచే బేస్ అనే అంటారు. నడకను హీత్‌కి ఇచ్చేద్దాం.

ఇక జాక్సన్. 1923లో డెట్రాయిట్‌లో పుట్టాడు. 1945లో డిజ్జీ గిలెస్పీ ఆయన్ని తన బృందంలోకి తీసుకున్నాడు. ఆ తర్వాత మోడర్న్ జాజ్ క్వార్టెట్‌తో దశాబ్దాలు గడిపి 1999లో పోయాడు. వైబ్రాఫోన్‌లో లోహపు పలకల కింద గొట్టాలుంటాయి. వాటి నోటి దగ్గర మోటారుతో తిరిగే రేకులు మూస్తూ తెరుస్తూ ఉంటే నాదం అలలా లేచి పడుతుంది. అదే వాద్యం వాయించిన లయొనెల్ హాంప్టన్ కంటే జాక్సన్ ఆ మోటారును బాగా నెమ్మదిగా తిప్పేవాడు. అందుకే ఆయన స్వరం వణకదు, ఊగుతుంది. నా ఓటు తూగుకే. తూగుటుయ్యాలలోని తూగు, పద్యానికి కుదిరే తూగు.

వ్యాఖ్య: ఆ ఊగడాన్ని గమకం అనొచ్చు కదండీ? దశవిధ గమకాల్లో కంపితం ఉందిగా.

జవాబు: కంపితంలో కదిలేది స్వరమండీ. ఇక్కడ పలక శ్రుతి ఉన్నచోటే ఉంటుంది, నాదం బలమే పెరిగి తగ్గుతుంది. వీణ తీగను పక్కకి లాగినట్టు పలకను లాగలేం కదా. కంపితం అంటే సంగీతం తెలిసినవాళ్లు పొరబడతారు.

వ్యాఖ్య: మాస్టారూ, తూగడం అంటే కునికిపాట్లు పడటం కూడా కదా?

జవాబు: అవునండీ, మత్తులో తూగడం కూడా అదే. ఆ నీడ ఉండటమే నాకు నచ్చింది. అర్ధరాత్రి దాటాక వినే బ్లూస్‌కి అది సరిగ్గా సరిపోతుంది. పాట పేరు అలాగే ఉంచి, వ్యాసం మొదటి వాక్యంలోనే తూగు వాడేస్తున్నాను.