అంజయ్య అంటే ఎయిర్‌పోర్టు గొడవ ఒక్కటేనా?

బోరబండ కుర్రాడు:
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాజీ సీఎం టి. అంజయ్య గురించి ఎక్కడ చదివినా రెండే ముక్కలు. 61 మంది మంత్రుల జంబో కేబినెట్, 1982లో బేగంపేట ఎయిర్‌పోర్టులో రాజీవ్ గాంధీ చేసిన అవమానం. మా తాత హైదరాబాద్ ఆల్విన్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆయన నోట మాత్రం ఎప్పుడూ "మా అంజయ్య" అనే వస్తుంది, ఎందుకో అడిగితే చెప్పడు. కార్మిక నాయకుడిగా అంజయ్యకున్న యూనియన్ అనుభవం సీఎం పదవిలో పనికొచ్చిందా అసలు?

జాయింట్ సెక్రటరీ (రిటైర్డ్):
మీ తాత ఊరికే అనడం లేదు బాబూ. ఆల్విన్‌లో రోజుకు ఆరణాల కూలీగా చేరి, అక్కడి యూనియన్‌కే అధ్యక్షుడైన మనిషాయన.

నేను వేరే ఫ్యాక్టరీలో యూనియన్ పని చేశాను. మా యూనియన్ ఆఫీసుకు ఒకడు మేనేజ్‌మెంట్ ఇచ్చిన చార్జిషీట్ పట్టుకుని వచ్చేవాడు, ఇంకొకడు బిడ్డ పెళ్లికి పీఎఫ్ లోన్ ఇప్పించమనేవాడు, మరొకడు అవతలి యూనియన్ మీద అలిగి వచ్చేవాడు. ఎవరినీ ఉత్త చేతులతో పంపకూడదు. పంపితే వచ్చే ఎన్నికల్లో వాడే ఎదురు ప్యానెల్. ఆ 61 మంది లిస్టులో నాకు ఈ అలవాటే కనిపిస్తుంది. కాకపోతే యూనియన్ లీడర్‌ను నిలబెట్టేది చందా కట్టే కార్మికుడు. సీఎంను 1980 అక్టోబరులో కూర్చోబెట్టిందీ ఢిల్లీయే, 1982 ఫిబ్రవరిలో దింపిందీ ఢిల్లీయే. అక్కడ ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్మికులతో పెట్టినట్టు గేట్ మీటింగ్ పెట్టి ఏం లాభం?

సికింద్రాబాద్ ఓటరు:
అలవాటు అని మరీ వెనకేసుకు రాకండి సార్. అంత మందికి కార్లు, బంగళాలు జనం డబ్బుతోనే కదా.

బేగంపేట సంగతికి వస్తే, అప్పటికి రాజీవ్ ఉత్త ఎంపీ. స్వాగతానికి వెళ్లిన ముఖ్యమంత్రిని అందరి ముందూ కసురుకున్నాడు. ఎన్టీఆర్ 'తెలుగువారి ఆత్మగౌరవం' అన్నది ఆ వేడి మీదే. మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. విచిత్రం ఏంటంటే అంజయ్య కాంగ్రెస్ వదల్లేదు. 1984లో సికింద్రాబాద్ ఎంపీగా గెలిచి, అదే రాజీవ్ ప్రభుత్వంలో కార్మిక శాఖ మంత్రి అయ్యాడు. పాత పనే మళ్లీ! 1986లో పోయాడు.

జాయింట్ సెక్రటరీ (రిటైర్డ్):
కార్ల ఖర్చు మాట ఒప్పుకుంటా, అలవాటుకూ ఖర్చు ఉంటుంది.

ముషీరాబాద్ ముచ్చట ఎవరూ ఎత్తలేదేం? 1978 అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ అంజయ్యను ఓడించింది ఇంకో కార్మిక నాయకుడు, జనతా పార్టీ నాయిని నర్సింహారెడ్డి. వీఎస్‌టీ సిగరెట్ ఫ్యాక్టరీ యూనియన్ అంటే నాయినే గుర్తొస్తాడు మాకు. ఇద్దరి జెండాలు వేరు. 2008 ఉప ఎన్నికలో అదే ముషీరాబాద్‌లో అదే నాయిని మీద అంజయ్య గారి భార్య మణెమ్మ గెలిచింది. ఆ నాయినే 2014లో తెలంగాణ తొలి హోం మంత్రి, కార్మిక శాఖ కూడా ఆయన దగ్గరే.

బోరబండ కుర్రాడు:
నాయిని సంగతికి వేరే థ్రెడ్ తెరుస్తా. వీఎస్‌టీలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?