అద్దె ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్: చిన్న యాంప్ కొనాలా, హెడ్‌ఫోన్‌తో సరిపెట్టుకోవాలా?

మారతహళ్లి కొత్తవాడు:
గిటార్ కొని మూడు వారాలైంది, యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్‌లో వినిపించే పెట్టె) ఇంకా కొనలేదు. మాది రెండు గదుల అద్దె ఇల్లు. గోడ అవతల పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయి, మా నెత్తి మీద ఇంటి యజమాని. బెంగళూరు ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరి గిటార్ పట్టుకునేసరికి రాత్రి తొమ్మిదిన్నర. దుకాణంలో 20 వాట్ల యాంప్ చూపించి, వాల్యూమ్ తగ్గించుకుంటే చాలన్నారు. మా తమ్ముడేమో స్పీకర్ ఉన్నది ఏదీ కొనవద్దంటున్నాడు. 12,000 రూపాయలు పక్కన పెట్టాను. ఎవరి మాట వినాలి?

బీటీఎం మేడగది:
మీ తమ్ముడి మాట. నేను నాలుగేళ్లుగా వాక్స్ యాంప్లగ్ అనే హెడ్‌ఫోన్ యాంప్‌తోనే నెట్టుకొస్తున్నాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, నేరుగా గిటార్‌లోనే గుచ్చుకుంటుంది, రెండు చిన్న బ్యాటరీలు వేస్తే చాలు. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే అలాంటిదే ఫెండర్ మస్టాంగ్ మైక్రో ఉంది, 2021లో వచ్చింది. ఫోనులోని పాటను బ్లూటూత్‌తో అందులోకి తెచ్చుకుని దానితో పాటు వాయించుకోవచ్చు. కానీ మీ చెవికి పెట్టుకునేది మాత్రం వైరున్న హెడ్‌ఫోన్ అయి తీరాలి. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో పిక్ (తీగలు మీటే బిళ్ల) తగిలిన తరువాత ఎప్పటికో శబ్దం వస్తుంది. సెకనులో పదో వంతు ఆలస్యమైనా తాళం మొత్తం చెడుతుంది.

పాత ట్యూబు:
తమ్ముడూ, ఆ సలహా వినకు. ఇరవై అయిదేళ్లుగా వాయిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. హెడ్‌ఫోన్‌తో నేర్చుకున్నవాళ్లు మా ఇంటికి వస్తుంటారు. గెయిన్ (శబ్దాన్ని గరుకుగా చేసే నాబ్) పూర్తిగా పెంచి, రెవర్బ్ (ప్రతిధ్వని) దిట్టంగా పోసి, లోపల ఏ తీగ మోగిందో తెలియకుండా కప్పేసుకుని ఉంటారు. మామూలు యాంప్ ముందు కూర్చోబెడితే చేతులు వణుకుతాయి. శబ్దం గదిలోకి వెళ్లి, గోడకు తగిలి, మళ్లీ చెవికి చేరాలి. అప్పుడే ఎంత గట్టిగా మీటాలో చేతికి తెలుస్తుంది. 5 వాట్లది కొనుక్కో, చాలు. అర్ధరాత్రి వాయించాలనిపిస్తే యాంప్ లేకుండా వాయించు.

ఆరో తీగ:
పెద్దవారి మాటకు అడ్డు వస్తున్నందుకు క్షమించాలి. "5 వాట్లు కాబట్టి చప్పుడు ఉండదు" అనే లెక్కే తప్పు. పవర్ పది రెట్లు పెరిగితే పెరిగేది 10 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత). మన చెవికి అది దాదాపు రెట్టింపు శబ్దం, అంతే. అంటే 50 వాట్ల యాంప్‌తో పోలిస్తే 5 వాట్లది సగం చప్పుడు చేస్తుంది, పదో వంతు కాదు. గిటార్ స్పీకర్లు ఒక్క వాట్ ఇచ్చినా మీటరు దూరంలో 90 డెసిబెల్స్ దాటించగలవు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. పోలీసులు మీటరు పట్టుకుని వస్తారని కాదు, పక్కింటివాళ్ల సహనం ఎక్కడ తెగుతుందో అంచనా వేసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది.

వాట్లను వదిలేసి వాల్యూమ్ నాబ్‌ను చూడండి. చవక యాంప్‌లలో చాలావాటికి సున్నా దగ్గర నిశ్శబ్దం, వెంట్రుకవాసి తిప్పితే ఇల్లంతా మోత. మధ్యలో ఏమీ ఉండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి ముందుగా మంద్రాన్ని వదిలేస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి 1933లోనే కొలిచి చూపించారు. అందుకే తగ్గించి వాయిస్తే పెద్ద యాంప్ కూడా రేకు డబ్బాలా పలుకుతుంది. 2011లో యమహా టీహెచ్‌ఆర్ అనే యాంప్‌ను తెచ్చింది ఇంట్లో తక్కువ శబ్దానికే నిండుగా పలకాలని. అది మీ 12,000లో రాదు, వేరే సంగతి.

పాత ట్యూబు:
లెక్కలు బాగున్నాయి. నేను నేర్చుకున్నప్పుడు డెసిబెల్ అన్న మాటే ఎవరూ అనలేదు.

కింది పోర్షన్:
నేను గిటార్ వాయించను. గిటార్ వాయించే అతని కింద రెండేళ్లు ఉన్నాను, ఆ అర్హతతో రాస్తున్నాను. మీరందరూ శబ్దం గోడలోంచి వస్తుందనుకుంటున్నారు. మాకు పైకప్పులోంచి వచ్చేది. అతను యాంప్‌ను నేల మీద పెట్టేవాడు, పైగా కాలితో తాళం. పాట ఏమిటో తెలిసేది కాదు, దబదబలు మాత్రం పడక గదిదాకా. ఒకరోజు వెళ్లి అడిగితే యాంప్‌ను కుర్చీలో దిండు మీద పెట్టాడు, కాలి కింద పాత పరుపు ముక్క వేసుకున్నాడు. అక్కడితో మా బాధ సగం తీరింది. మిగతా సగానికి మందు లేదు: అదే ముక్క, అదే తప్పు, నలభై సార్లు. పాట పూర్తిగా వాయిస్తే భరించేవాళ్లమండి.

ఆరో తీగ:
ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే పనికొచ్చే మాట ఇదే. యాంప్ లేకుండా వాయించమన్న సలహా మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. వినపడక మనం తీగను బలంగా కొడతాం, అదే అలవాటవుతుంది. ఆపవలసిన తీగ సన్నగా మోగుతున్నా తెలియదు. యాంప్‌కు పెట్టగానే ఆ చెత్తంతా బయటపడుతుంది. నాకు ఆరు నెలలు పట్టింది వదిలించుకోవడానికి.

బీటీఎం మేడగది:
నా పక్షం బలహీనపడినా ఒక నిజం చెప్పాలి. హెడ్‌ఫోన్‌తో ఎవరినీ ఇబ్బంది పెట్టం కాబట్టి తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. కిందటేడు రెండు రోజులపాటు చెవిలో ఒకటే హోరు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు వినవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి పడిపోతుందని తరువాత చదివాను. ఇప్పుడు గెయిన్ ముట్టుకునే ముందే వాల్యూమ్ తగ్గిస్తాను. అయినా నా ఓటు హెడ్‌ఫోన్‌కే. మా మేడగదిలో ఎర్తింగ్ సరిగా లేదు. మిత్రుడి యాంప్ తెచ్చి ప్లగ్ పెడితే ఝుమ్మని ఒకటే రొద, తీగల మీద చెయ్యి వేస్తే తగ్గేది. బ్యాటరీతో ఆ గొడవే లేదు.

పాత ట్యూబు:
తీగ ముట్టుకుంటే రొద తగ్గడం మామూలే. కానీ ఇంటి ఎర్తింగ్ లేకపోవడం వేరు, అది ప్రమాదం. యాంప్ సంగతి తరువాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుకో.

మారతహళ్లి కొత్తవాడు:
శనివారం కొనేశాను. బాస్ కంపెనీ కటానా మినీ యాంప్. 7 వాట్లు, ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది, హెడ్‌ఫోన్‌కు చోటుంది. ఇంటికి తెచ్చి, కుర్చీలో దిండు మీద పెట్టి, మా తమ్ముణ్ని పక్కింటివాళ్ల గుమ్మం దగ్గర నిలబెట్టాను. నాబ్ కాస్త కదిపి పది నిమిషాలు వాయించాను. వాడు తిరిగి వచ్చి, గిటార్ వినపడలేదు గాని నువ్వు కాలితో కొడుతున్న తాళం రెండుసార్లు తప్పింది అన్నాడు. పరుపు ముక్క వెతుకుతున్నాను. పక్కింటి అమ్మాయికి సోమవారం గణితం పరీక్ష, అంతవరకూ హెడ్‌ఫోనే.

పాత ట్యూబు:
పరీక్ష అయ్యాక హెడ్‌ఫోన్ తీసి, గెయిన్ బాగా తగ్గించి వాయించు. ఎలా వినపడిందో ఇక్కడ రాయి.