తాతగారి రెజిమెంట్ పట్టుకుని వంశం వెతకడం (చిత్తూరు)

ప్రశ్న: యుద్ధకాలపు ఫొటోలో తాతగారి పక్కన స్కాటిష్ రెజిమెంట్ అయిన కామెరాన్ హైలాండర్ల సైనికులు ఉన్నారు. ఒక వార్ మెడల్ కూడా ఉంది. ఆయన తండ్రి పేరు, సొంతూరు ఎలా తెలుస్తాయండీ?

జవాబు 1: ముందు మెడల్ అంచు భూతద్దంతో చూడండి. భారత సైనికులకిచ్చిన వాటిపై నంబరు, హోదా, పేరు, యూనిట్ ఉంటాయి. దయచేసి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.

జవాబు 2: స్కాట్లండ్‌కు రాయడం వృథా, మనవాళ్ల పేర్లు ఆ రెజిమెంట్ జాబితాలో ఉండవు. కామెరాన్ల 2వ బెటాలియన్ 4వ ఇండియన్ డివిజన్‌లో ఉండి 1941లో ఎరిట్రియాలోని కెరెన్‌లో పోరాడింది. మద్రాస్ సాపర్ల (సైనిక ఇంజనీర్ల దళం) 12వ ఫీల్డ్ కంపెనీదీ అదే డివిజన్, తాతగారు అందులో ఉండి ఉండొచ్చు. మెడల్‌పై సాపర్లని ఉంటే బెంగళూరులోని వాళ్ల రికార్డ్స్ ఆఫీసుకు నంబరుతో రాయండి. షీట్ రోల్‌లో (సైనికుడి సర్వీసు వివరాల పత్రం) తండ్రి పేరు, గ్రామం, తాలూకా రాసేవారు.

జవాబు 3: చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు తరానికి చాలా ఊళ్ల విషయంలో ఉత్తర ఆర్కాటు జిల్లా అని వెతకాలి.