ఏఎల్‌పీ పెరిగితే ఐసోఎంజైమ్ పరీక్ష చేయించాలా, జీజీటీ చాలా?

గోదారిగట్టు: మా అమ్మకు 58 ఏళ్లు. హెల్త్ చెకప్‌లో ఏఎల్‌పీ (ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, లివర్, ఎముక లాంటి చోట్ల తయారయ్యే ఎంజైమ్) 212 వచ్చింది, ల్యాబ్ కాగితం మీద పైహద్దు 120. బిలిరుబిన్, ఎస్‌జీపీటీ అనే లివర్ పరీక్షలు మామూలే. ఒక డాక్టరు గారు జీజీటీ (లివర్‌కు చేసే ఇంకో ఎంజైమ్ పరీక్ష) చేయించమన్నారు. ఇంకొకరు ఏఎల్‌పీ ఏ అవయవం రకమో చూసే ఐసోఎంజైమ్ పరీక్ష రాశారు, శాంపిల్ వేరే ఊరు పంపాలట. లివర్‌దో ఎముకదో రక్తం చూసి ఎలా చెప్తారు? అంత ఖర్చు అవసరమా?

ల్యాబ్‌మనిషి: అవసరమే అంటాను. లివర్, ఎముక, కిడ్నీ ఈ ఎంజైమ్‌ను ఒకే జీన్ నుంచి తయారుచేస్తాయి. తేడా అంతా దానికి అతుక్కున్న చక్కెర గొలుసుల్లోనే. (షుగర్ జబ్బుకూ దీనికీ సంబంధం లేదు, కంగారు పడకండి.) ఒకే మగ్గం మీద నేసిన చీరకు రెండు ఊళ్లలో రెండు రకాల అంచులు కుట్టినట్టు. మామూలు పరీక్ష ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో కొలుస్తుంది, అంచు చూడదు. గోధుమ మొలక నుంచి తీసిన లెక్టిన్ అనే ప్రోటీన్ చూస్తుంది. సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) కలిపితే ఎముక రకాన్ని గట్టిగా పట్టుకుంటుంది, లివర్ రకాన్ని అంతగా పట్టుకోదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎముక రకం అడుక్కి పోతుంది, పైన మిగిలినదాన్ని మళ్లీ కొలుస్తాం.

వరంగల్‌వదిన: సైన్స్ బాగుందండీ, జేబు ఎవరిది? జీజీటీ ఎముక నుంచి రాదు. ఏఎల్‌పీతో పాటు అదీ పెరిగితే చూపు లివర్ వైపు, లేకపోతే ఎముక వైపు. మా ఆడపడుచుకి ఇలాగే అయితే జీజీటీ నార్మల్, విటమిన్ డి అట్టడుగున. మాత్రలు వేసుకున్నాక కొన్ని నెలల్లో ఏఎల్‌పీ దిగింది. లివర్ క్యాన్సర్ అనుమానం ఉన్నచోట సంగతి వేరు. అక్కడ ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో రక్తంలో పెరగగల ప్రోటీన్)లో ఫ్యూకోజ్ అనే చక్కెర చేరిన భాగాన్ని మసూర్ పప్పు లెక్టిన్‌తో పట్టి కొలవడంలో అర్థముంది.

ల్యాబ్‌మనిషి: జీజీటీ మద్యం తాగినా పెరుగుతుంది, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్‌తోనూ పెరుగుతుంది. ఆ మాత్ర ఏళ్ల తరబడి వాడితే ఎముకలూ మెత్తబడొచ్చు. అప్పుడు జబ్బు ఎముకలో, వేలు లివర్ మీద.

కోనసీమకుర్రోడు: పరగడుపున తీశారా? బ్లడ్ గ్రూప్ ఏంటి? ఓ, బి గ్రూపుల్లో చాలామందికి కొవ్వు భోజనం తర్వాత పేగు రకం ఏఎల్‌పీ పెరుగుతుంది.

గోదారిగట్టు: అమ్మది ఓ. ఆ రోజు పూరీ తిని వెళ్లింది!

ల్యాబ్‌మనిషి: పూరీ ఒక్కదానితో 212 దాకా పోతుందనుకోను. పేగు రకం గొలుసు చివర సియాలిక్ ఆమ్లం అనే చక్కెర ఉండదు. అది లేక గెలాక్టోస్ అనే చక్కెర బయటపడిన ప్రోటీన్లను లివర్ కణాల మీది రిసెప్టర్ పట్టి లోపలికి లాగేస్తుంది. యాష్‌వెల్, మోరెల్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టిన సంగతి ఇది. సిరోసిస్‌లో (లివర్ మచ్చలుపడి గట్టిపడే జబ్బులో) ఆ పట్టు సడలి పేగు రకం రక్తంలో నిలిచిపోతుంది. కాబట్టి పేగు రకం కనిపిస్తే పూరీ అని కొట్టిపారేయలేం.

వరంగల్‌వదిన: చూశారా, అంత ఖర్చుపెట్టినా మళ్లీ ప్రశ్నే! ముందు పరగడుపున ఏఎల్‌పీ, జీజీటీ, విటమిన్ డి. జీజీటీ పెరిగితే అల్ట్రాసౌండ్. అప్పటికీ తేలకపోతే మీ గోధుమ లెక్టిన్.

ల్యాబ్‌మనిషి: ఆ వరుసకు ఒప్పుకుంటాను. అమ్మగారు ఫిట్స్ మాత్రలేమైనా వాడుతున్నారా?

గోదారిగట్టు: లేదండీ. కానీ నడుము, తొడ ఎముకలు లాగుతున్నాయని ఏడాదిగా అంటోంది, వయసు అనుకుని వదిలేశాం. సోమవారం పరగడుపున తీసుకెళ్తున్నా.