చిన్న మిల్లింగ్ మిషన్‌కి ఫిక్స్చర్ ప్లేట్ దండగా, అవసరమా?

బాలానగర్ షెడ్డు:
నాది బెంచ్ మీద పెట్టుకునే చిన్న మిల్లు. 6 మి.మీ. అల్యూమినియం బ్రాకెట్లు నెలకి నలభై దాకా చేస్తాను. వైస్‌లో (రెండు దవడల మధ్య నొక్కి పట్టే బిగింపు) బిగిస్తే జాబ్ (చెక్కే ముక్క) మధ్యలో ఉబుకుతుంది. పైముఖం చదునుగా చెక్కి (ఫేసింగ్) వదిలితే నడుమ గుంట తేలుతుంది. టేబుల్ మీద 20 మి.మీ. మందం ఫిక్స్చర్ ప్లేట్ పరిచి, 25 మి.మీ.కి ఒక ఎం6 (6 మి.మీ. బోల్టు పట్టే) చిల్లు చొప్పున మర వేసి (ట్యాప్ చేసి), జాబ్‌ని నేరుగా దానికే బిగించేలా అక్కడే ఉంచేద్దామనుకుంటున్నా. పక్క షెడ్డు పెద్దాయన వద్దంటున్నారు. మీరేమంటారు?

పాత మిల్లర్:
ఆయన మాటే నా మాట, తమ్ముడూ. చిన్న మిషన్‌లో టేబుల్‌కీ కట్టర్‌కీ మధ్య ఎత్తే కరువు, అందులో 20 మి.మీ. ప్లేట్‌కి పోతే డ్రిల్ చక్ ఎక్కడ పడుతుంది? పైగా ఆ చిల్లుల నిండా రజను చేరుతుంది. బోల్టు సగంలో ఆగితే బిగిసిందనుకుంటాం, కట్టర్ తగలగానే జాబ్ లేచిపోతుంది. వైస్‌కి సాఫ్ట్ జాస్ (జాబ్ ఆకారానికి చెక్కుకోగల మెత్తటి దవడలు), జాబ్ ప్రతిసారీ ఒకే చోట ఆగేలా ఒక స్టాపర్ పెట్టుకో, చాలు.

ఆటోనగర్ తమ్ముడు:
అన్నా, ఎత్తు లెక్క మాత్రం ఒప్పుకోను. నా 4 అంగుళాల వైస్‌లో టేబుల్ నుంచి జాబ్ కూర్చునే చోటికి 55 మి.మీ. ఉంది. వైస్ దించి ప్లేట్ వేస్తే 35 మి.మీ. మిగులుతుంది. వాడని చిల్లుల్లో తల లేని గ్రబ్ స్క్రూలు దించితే రజను పడదు. నేను ప్లేట్‌లో పొడుగు వైపు రెండు డోవెల్ పిన్నులు (మర లేని నున్నటి పిన్నులు), పొట్టి వైపు ఒకటి కొట్టాను. జాబ్‌ని బొటనవేలితో మూలకి నెడితే మూడింటికీ ఆనుకుని ఆగుతుంది. మొదటి ముక్కకి పెట్టిన జీరో (కొలతలు మొదలయ్యే చోటు)తోనే చివరిదీ అవుతుంది. బ్రాకెట్‌కి ఎలాగూ చిల్లులుంటాయి కదా, వాటిని ముందే వేసి వాటిగుండానే బిగించు. అప్పుడు పక్కల నుంచి నొక్కేదే ఉండదు, ఉబకడానికి.

టూల్‌రూమ్ మనిషి:
ఏ ప్లేట్ అన్నది ఎవరూ అడగలేదు. రోల్ చేసిన అల్యూమినియం ఒక వైపు చెక్కగానే వంగుతుంది. పోత పోసి చేసిన కాస్ట్ టూలింగ్ ప్లేట్ తీసుకోండి. ఇంకోటి ఎండ. అల్యూమినియం డిగ్రీకి మీటరుకి 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పెరుగుతుంది, టేబుల్ చేసిన పోత ఇనుము 11 దాకా. 300 మి.మీ. ప్లేట్‌కి పొద్దున్నుంచి మధ్యాహ్నానికి 10 డిగ్రీలు పెరిగితే రెండింటి తేడా 36 మైక్రాన్లు. ప్లేట్‌ని టేబుల్‌కి రెండు చివరలా డోవెల్ కొట్టి బంధించారా, విల్లులా లేస్తుంది. డోవెళ్ళు ఒక చివరనే ఉంచండి. ముందు హెడ్‌ని (కట్టర్ తిరిగే పై భాగం) ఇండికేటర్ గేజీతో టేబుల్‌కి నిటారుగా సరిచేసి (ట్రూ చేసి), బిగించిన ప్లేట్‌ని అక్కడే ఒక పలచని కట్‌తో ఫేస్ చేయండి. ఎప్పుడు విప్పినా మళ్ళీ ఆ కట్ తప్పదు. టేబుల్ గాడుల్లో (స్లాట్లు) కూర్చునే టీ-నట్లు అతిగా బిగించకండి, స్లాట్ పెదవి పగిలితే టేబులే పోతుంది.

పాత మిల్లర్:
విప్పినప్పుడల్లా కట్ అంటే ప్లేట్ ఏటికేడు పలచబడుతుంది. మా దగ్గరికి రోజుకో రిపేరు జాబ్ వస్తుంది, ఒకటి షాఫ్ట్, ఒకటి పోత ముక్క. వాటికి వైసే దిక్కు. ఒకే ముక్క నలభై చేసేవాడికైతే సరే, నేను అడ్డుపడను.

బాలానగర్ షెడ్డు:
అందరికీ దండాలు. కాస్ట్ ప్లేటే తెస్తున్నా. టేబుల్ అంతా కాదు, సగానికే. రెండో సగంలో వైస్ ఉంటుంది. చిల్లులు కూడా ఇప్పటికి నా బ్రాకెట్‌కి కావలసిన నాలుగే.